'రికార్డు లేదు' అన్న జవాబు తరువాత

(హక్కుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం అమెరికాకు సంబంధించినది. ఐస్ అని పిలిచే అక్కడి వలస, కస్టమ్స్ అమలు సంస్థ చేసే అరెస్టులను సామాన్యులు తమ ఫోన్లతో చిత్రీకరించవచ్చునా? ప్రభుత్వ సిబ్బంది స్వయంగా తీసిన చిత్రాలను, వ్రాసుకున్న కాగితాలను ప్రజలు అడిగి పుచ్చుకోవచ్చునా? ఈ రెండు ప్రశ్నలపై అక్కడి న్యాయస్థానాలలో నడిచిన వ్యాజ్యాల గురించి చెప్పమన్నారు. నేను న్యాయవాదిని కాను. ముప్పై ఏండ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా తపాలు విప్పి, నెంబరు వేసి, ఫైలు కట్టి, బీరువాలో పెట్టినవాణ్ణి. కనుక ఈ విషయాన్ని గుమాస్తా కంటితోనే చూచి చెబుతాను. ఈ సభలో కూర్చున్న కొందరి పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు, కొందరు ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ విధంగా ఇది మన ఇంటి సంగతి కూడా.

2025 మార్చి 25వ తేదీ. రంజాన్ మాసం. మసాచుసెట్స్ రాష్ట్రంలోని సోమర్‌విల్ పట్టణంలో రుమైసా ఓజ్‌తుర్క్ అనే టర్కీ యువతి, టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థిని, మిత్రులతో ఇఫ్తార్ చేయడానికి బయలుదేరింది. మామూలు దుస్తులలో వచ్చిన మనుషులు వీధిలో ఆమెను చుట్టుముట్టారు. చేతులు పట్టుకున్నారు. ఫోను లాక్కున్నారు. ముఖాలకు ముసుగులు వేసుకున్నారు. బేడీలు వేసి కారెక్కించారు. అక్కడినుండి దూరాన ఉన్న లూసియానా రాష్ట్రపు నిర్బంధ కేంద్రానికి తరలించారు. ఆమెపై ఏ నేరారోపణా లేదు. గాజా విషయమై విద్యార్థి పత్రికలో మరి ముగ్గురితో కలిసి ఒక వ్యాసం వ్రాసింది, అంతే.

ఈ దృశ్యం ప్రపంచానికి తెలిసింది ఒక పొరుగింటి గోడకున్న భద్రతా కెమెరా వలన. ఆ కెమెరా లేకపోతే ఈ సంఘటన గురించి మిగిలేది ఒక ప్రభుత్వ పత్రంలోని ఒక వాక్యం: విదేశీయురాలిని అదుపులోకి తీసుకోవడమైనది. వాక్యంలో అబద్ధం ఉండదు. కాని ముసుగులు ఉండవు, ఆమె కేక ఉండదు, ఇఫ్తార్ వేళ ఉండదు. మే 9న వెర్మాంట్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి ఆమెను విడుదల చేయమని ఆదేశించారు. అప్పటికి ఆరు వారాలు గడిచాయి.

అదే సంవత్సరం మార్చి 8వ తేదీన న్యూయార్కులో మహమూద్ ఖలీల్ అనే పాలస్తీనా యువకుణ్ణి అరెస్టు చేశారు. అతనికి శాశ్వత నివాస హక్కు ఉన్నది. ఎనిమిది నెలల గర్భిణి అయిన అతని భార్య ఆ అరెస్టును ఫోనులో చిత్రీకరించింది. వారాల తరువాత ప్రభుత్వ న్యాయవాదులు అరెస్టు సమయంలో తమ వద్ద వారెంటు లేదని కోర్టుకు ఒప్పుకొన్నారు. అతడు పారిపోయే అవకాశం ఉన్నందున వారెంటు అవసరం లేకపోయిందని వాదించారు. వీడియోలో కనబడేది అధికారుల వెంట ప్రతిఘటన లేకుండా నడిచిన మనిషి. ఫైలు ఒక మాట చెప్పింది, ఫోను ఇంకొక మాట చెప్పింది. ఆ ఫోను లేనినాడు ఫైలు మాటే చరిత్ర అయ్యేది.

ఇక చిత్రీకరించే హక్కు సంగతి. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ భావప్రకటనా స్వేచ్ఛను కాపాడుతుంది. 2007లో బోస్టన్ నగరంలోని బహిరంగ ఉద్యానవనంలో పోలీసులు ఒకరిని అరెస్టు చేస్తుండగా సైమన్ గ్లిక్ అనే న్యాయవాది ఫోనులో చిత్రించాడు. పోలీసులు అతణ్ణే అరెస్టు చేశారు. కేసు కొట్టివేయబడిన తరువాత అతడు తిరిగి దావా వేశాడు. 2011లో ఫస్ట్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, బహిరంగ ప్రదేశంలో విధి నిర్వహిస్తున్న పోలీసులను చిత్రించడం రాజ్యాంగం కాపాడే హక్కు అని తీర్పు చెప్పింది. మరుసటి సంవత్సరం నగరం అతనికి 1,70,000 డాలర్లు చెల్లించింది. అమెరికా సుప్రీంకోర్టు ఈ ప్రశ్నపై సూటిగా తీర్పు ఇవ్వలేదు గాని, ఫెడరల్ అప్పీలు కోర్టులలో అధిక భాగం ఈ హక్కును గుర్తించాయి.

వలస అధికారుల విషయంలో చెప్పుకోదగినది ఆస్కిన్స్ కేసు. మెక్సికో సరిహద్దులోని శాన్ ఇసిడ్రో వద్ద 2010లో క్రిస్టియన్ రామిరెజ్ అనే హక్కుల కార్యకర్త, స్త్రీలను పురుష అధికారులు తడిమి సోదా చేయడం చూచి ఫోటోలు తీశాడు. అధికారులు అతని ఫోనులోని ఫోటోలను చెరిపివేశారు. 2012లో కలెక్సికో వద్ద రే ఆస్కిన్స్ అనే పర్యావరణ కార్యకర్తకూ అదే అనుభవం. ఇద్దరూ కలిసి దావా వేశారు. ప్రభుత్వం 'సరిహద్దు భద్రత' అన్నది. 2018లో నైన్త్ సర్క్యూట్ కోర్టు, భద్రత అన్న పదం ఒక్కటి ఉచ్చరిస్తే చాలదు, ఈ నిషేధం ఎందుకు అవసరమో సాక్ష్యంతో నిరూపించమన్నది. 2020లో రాజీ కుదిరింది. భూసరిహద్దు చెక్‌పోస్టులలో ప్రజలకు ప్రవేశమున్న చోట నిలబడి చిత్రించేవారిని అడ్డుకోబోమని సంస్థ అంగీకరించింది. చెరిపివేసిన ఫోటోలు తిరిగి రాలేదు. కాని తరువాత అక్కడ నిలబడేవారికి చోటు మిగిలింది.

ఇటీవల ఈ హక్కుపై ఒత్తిడి పెరిగింది. 2025 జూలైలో అమెరికా హోంలాండ్ భద్రతా కార్యదర్శి, విధి నిర్వహణలో ఉన్న ఏజెంట్లను వీడియో తీయడాన్ని హింస జాబితాలో చేర్చి మాట్లాడారు. సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ న్యాయమూర్తి, నిరసనలను నమోదు చేసే పాత్రికేయులపై, పరిశీలకులపై బలప్రయోగం చేయరాదని ఉత్తర్వులిచ్చారు. అక్టోబరులో చికాగోలో న్యాయమూర్తి సారా ఎల్లిస్ మరొక అడుగు వేసి, ఒంటి కెమెరాలు ఉన్న ఏజెంట్లు వాటిని ధరించి, పనిచేసే స్థితిలో ఉంచవలెనని ఆదేశించారు. తనకు రాయి తగిలినందువల్లనే టియర్ గ్యాస్ విసిరానన్న సరిహద్దు గస్తీ కమాండరు మాట వీడియోల ముందు నిలువలేదని ఆమె తన 233 పుటల అభిప్రాయంలో నమోదు చేశారు. అప్పీలు కోర్టు ఆమె ఉత్తర్వును నిలిపివేసింది. ఆ సంగతి కూడా చెప్పడం న్యాయం. ఉత్తర్వు ఆగింది గాని, అందులో నమోదైన వాస్తవాలు చెరిగిపోలేదు.

ఇప్పుడు గుమాస్తాగా నాకు తోచిన మాట. పౌరుని ఫోనులోని చిత్రం పౌరునిది. అధికారి ఒంటిమీది కెమెరాలోని చిత్రం ప్రభుత్వ రికార్డు. మొదటిదానికి ధైర్యం కావాలి. రెండవదానికి దరఖాస్తు కావాలి. మనవారు మొదటిదానిని గురించి చాలా మాట్లాడుతారు, రెండవదానిని మరచిపోతారు.

మన సమాచార హక్కు చట్టం వంటిదే అక్కడ సమాచార స్వేచ్ఛా చట్టం. 1966 జూలై 4న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దానిపై సంతకం చేశాడు. మన చట్టం కింద పౌరులే అడగవలె. అక్కడ పౌరుడు కానివాడు కూడా అడగవచ్చు. వీసాపై ఉన్న మన బిడ్డ కూడా అడగవచ్చు. 20 పనిదినాలలో సంస్థ జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఫెడరల్ కోర్టుకు పోవచ్చు. అక్కడ 'ఈ కాగితం నీకెందుకు' అని అడిగినవాణ్ణి నిలదీయరు. 'ఎందుకు ఇవ్వవు' అని ప్రభుత్వాన్ని నిలదీస్తారు. చట్టంలో తొమ్మిది మినహాయింపులు ఉన్నాయి. వాటి చాటున దాగడానికి సంస్థలు ప్రయత్నిస్తాయి. కాని 1973లో వచ్చిన వాన్ తీర్పు తరువాత, ఏ పత్రాన్ని ఏ మినహాయింపు కింద ఆపారో వరుసగా పట్టిక వ్రాసి కోర్టుకు సమర్పించవలసి వచ్చింది. మొత్తం మూటను చూపి 'రహస్యం' అనడం కుదరదు. ఏ కాగితానికి ఆ కాగితమే లెక్క. ఇది గుమాస్తాలకు కష్టం, ప్రజలకు మేలు.

ఈ దారిలో ఏమి లభిస్తుందో ఒక ఉదాహరణ. స్థానిక జైళ్లలో తీసుకునే వేలిముద్రలను వలస సంస్థకు చేరవేసే 'సెక్యూర్ కమ్యూనిటీస్' అనే పథకం ఉండేది. అందులో చేరకుండా ఉండే స్వేచ్ఛ పట్టణాలకు ఉన్నదా లేదా అన్నదానిపై ప్రభుత్వం పూటకొక మాట చెప్పింది. 2010లో దినకూలీల సంఘాల జాలం ఒకటి, న్యాయవాద సంస్థలు కలిసి ఐస్‌పై రికార్డుల దావా వేశాయి. కోర్టు ఆదేశంపై బయటికి వచ్చిన అంతర్గత ఉత్తరాలలో, బయట చెప్పినదొకటి, లోపల అనుకున్నదొకటి అని తేలింది. 2011లో ఇల్లినాయ్, న్యూయార్క్, మసాచుసెట్స్ గవర్నర్లు ఆ పథకానికి దూరం జరిగారు. 2014లో ప్రభుత్వం దానిని ఆపింది. తరువాతి ప్రభుత్వం మళ్లీ తెచ్చింది, అది వేరే సంగతి.

చిత్రం విషయంలో చికాగో నగర పోలీసు కేసు అందరికీ పాఠం. 2014 అక్టోబరులో లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే 17 ఏండ్ల నల్లజాతి బాలుణ్ణి ఒక పోలీసు అధికారి 16 సార్లు కాల్చాడు. బాలుడు మీదికి వచ్చాడని పోలీసు నివేదికలు వ్రాశాయి. పోలీసు కారు కెమెరాలో వేరే దృశ్యం ఉన్నది. ఒక స్వతంత్ర పాత్రికేయుడు ఇల్లినాయ్ రాష్ట్ర సమాచార చట్టం కింద దావా వేశాడు. 2015 నవంబరులో న్యాయమూర్తి ఆదేశంపై వీడియో వెలువడింది. బాలుడు దూరంగా నడిచిపోతుండడం లోకం చూచింది. అదే రోజు ఆ అధికారిపై హత్యాభియోగం నమోదయింది. 2018లో శిక్షార్హుడని తేలింది. ఆ వీడియో పదమూడు నెలలు ప్రభుత్వ బీరువాలోనే ఉన్నది. దానిని కదిలించినది ఒక దరఖాస్తు.

అన్ని దావాలూ గెలుస్తాయని చెబితే నేను మిమ్మల్ని మోసగించినట్లే. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికాలో వందలాది ముస్లిములను, అధికంగా పాకిస్తాన్, అరబ్బు దేశాల వారిని, వలస నిబంధనల పేరుతో నిర్బంధించారు. వారి పేర్లు కూడా చెప్పలేదు. తమ మనిషి ఎక్కడున్నాడో భార్యలకు, తల్లులకు తెలియలేదు. హక్కుల సంస్థలు సమాచార చట్టం కింద దావా వేసి పేర్లు అడిగాయి. 2002లో న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్ పేర్లు ఇవ్వమన్నారు. 2003 జూన్‌లో అప్పీలు కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ తీర్పును తిరగవేసింది. జాతీయ భద్రత విషయంలో ప్రభుత్వం మాటను నమ్మవలెనన్నది. సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించలేదు. మనవారు ఓడిపోయారు.

కాని కథ అక్కడ ముగియలేదు. అదే జూన్‌లో న్యాయశాఖకు చెందిన ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక వెలువడింది. ఆ విధంగా నిర్బంధితులైన 762 మంది పరిస్థితిని అది పరిశీలించింది. వారిలో కొందరిని బ్రూక్లిన్‌లోని ఫెడరల్ నిర్బంధ కేంద్రంలో ఉంచారు. అక్కడ నిర్బంధితుల కదలికలను వీడియో తీసేవారు. ఎందుకంటే, రేపు ఎవరైనా కొట్టారని అంటే సిబ్బందిని కాపాడుకోవడానికి! పరిశోధకులు ఆ టేపులు అడిగితే జైలు అధికారులు అవి ఇప్పుడు లేవన్నారు. 2003 ఆగస్టులో అదే జైలులోని ఒక సామానుల గదిలో 300కు పైగా టేపులు దొరికాయి. నిర్బంధితులను గోడకు వేసి కొట్టిన దృశ్యాలు వాటిలో ఉన్నాయి. అలా జరగలేదని అంతకు ముందు చెప్పిన సిబ్బంది మాట టేపుల ముందు తేలిపోయింది. డిసెంబరులో రెండవ నివేదిక ఆ వివరాలను లోకానికి చెప్పింది. ఉన్నతాధికారులపై నష్టపరిహారపు దావాను 2017లో సుప్రీంకోర్టు చాలావరకు మూసివేసింది. అయినా 'వారు అబద్ధం చెబుతున్నారు' అని నిర్బంధితుల గురించి ఇక ఎవరూ అనలేరు.

'టేపులు లేవు' అన్న మాట చదివినప్పుడు నాకు నా సంగతి గుర్తుకు వచ్చింది. ఈ వేదికపై అది చెప్పకుండా దిగిపోతే ఇంతసేపు మాట్లాడిన మాటకు విలువ లేదు.

నేను పనిచేసిన ఒక కార్యాలయానికి ఒక వృద్ధురాలు తన ఇంటి స్థలపు పట్టా నకలు కోసం వచ్చేది. నెలల తరబడి నోటితో అడిగింది. నోటితో అడిగినదానికి నెంబరు లేదు, నెంబరు లేనిదానికి ఆలస్యమూ లేదు. చివరకు ఎవరో అర్జీ వ్రాసిపెట్టారు. 'సంబంధిత రికార్డు లభ్యము కాలేదు' అని ఎండార్స్‌మెంటు నా చేతితోనే వ్రాశాను. అధికారి సంతకం చేశారు. ఆమె వెళ్లిపోయింది. కొన్నేండ్ల తరువాత 2005 చట్టం వచ్చింది. ఆమె మనుమడు పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టాడు. ముప్పై రోజుల గడువు, దాటితే రోజుకు 250 రూపాయల జరిమానా. రెండు పూటలు వెతికాము. అదే గది, అదే బీరువా, కింది అర. ఫైలు దొరికింది. నకలు తీసుకోవడానికి ఆమె స్వయంగా వచ్చింది. "నాయనా, అప్పుడెందుకు దొరకలేదు?" అని అడిగింది. కోపం లేదు, తెలుసుకోవాలని అడిగింది. 'అప్పుడు వెతకలేదమ్మా' అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు మేము వెతకలేదు.

సోదరులారా, బ్రూక్లిన్ సామానుల గదికీ మా బీరువాకూ వేల మైళ్ల దూరం. నిర్బంధితుని దెబ్బలకూ ఒక పట్టా కాగితానికీ పోలిక లేదు. కాని 'లేదు' అన్న మాట పుట్టే తీరు ఒక్కటే. అడిగేవాడు బలహీనుడైనప్పుడు వెతకడం ఎవరికీ అవసరం కాదు. చట్టం, గడువు, నెంబరు, ఆ పైన న్యాయస్థానం ఉన్నప్పుడే వెతకడం మొదలవుతుంది.

మన తెలుగు బిడ్డల విషయానికి వస్తాను. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. అది ఐస్ సంస్థ తానే నెలకొల్పిన బూటకపు విశ్వవిద్యాలయం. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు, ఫీజులు మాత్రం ఉన్నాయి. 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వారిలో అనేకులు మన రెండు తెలుగు రాష్ట్రాల వారే. విద్యార్థులకు అంతా తెలుసునని ప్రభుత్వం అన్నది. మోసపోయామని విద్యార్థులు అన్నారు. కట్టిన ఫీజు కోసం విద్యార్థులు వేసిన దావాను దిగువ కోర్టు కొట్టివేస్తే, 2024లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు దానిని తిరిగి బ్రతికించింది. రసీదులు, ఈమెయిళ్లు దాచుకున్నవారి చేతిలోనే అటువంటి దావాకు బలం ఉంటుంది.

ఇంకొక సంగతి. అక్కడ వలస కోర్టులో నిలబడినవానికి ప్రభుత్వం ఖర్చుతో న్యాయవాదిని ఇవ్వరు. అతని గురించి ప్రభుత్వం వద్దనున్న ఫైలు కూడా సాధారణంగా సమాచార చట్టం కిందనే తెచ్చుకోవాలి. ఆ ఫైళ్లు గడువులో ఇవ్వడం లేదని కాలిఫోర్నియాలో వేసిన సామూహిక దావాలో, 2020 డిసెంబరులో న్యాయమూర్తి విలియం ఓరిక్ పెండింగ్ దరఖాస్తులను 60 రోజులలో పరిష్కరించి, ఇకపై గడువు పాటించమన్నారు. మీ పిల్లలకు ఈ సంగతి ఫోనులో చెప్పండి. తమ ఫైలు తాము అడగవచ్చునని వారిలో చాలామందికి తెలియదు.

చిత్రీకరణ విషయంలో వారికి చెప్పవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. బహిరంగ ప్రదేశంలో, దూరంగా, కనబడేటట్లు నిలబడి తీయాలి. అధికారుల పనికి అడ్డు పోరాదు. వెనుకకు జరగమంటే జరిగి తీయాలి. అబద్ధం చెప్పరాదు. అరెస్టయినవారి ఫోనును వారెంటు లేకుండా పరిశీలించరాదని 2014లో సుప్రీంకోర్టు రైలీ కేసులో తీర్పు చెప్పింది. అయితే విమానాశ్రయాలలో, సరిహద్దులలో అధికారులకు ఇంతకంటె ఎక్కువ అధికారం చెల్లుతున్నది. వీసాపై ఉన్నవారికి హక్కు ఉన్నా ప్రమాదమూ ఉన్నది. ముందు అరెస్టు, తరువాత న్యాయం అన్నది రుమైసా విషయంలో చూచాము. కనుక పిల్లలను ముందుకు తోయకండి, భయపెట్టకండి. తెలిసి నిర్ణయించుకోనివ్వండి. ముందుగానే ఒక న్యాయవాది నెంబరు దగ్గర ఉంచుకోమనండి.

ఇక మన అలవాటు ఒకటి మానాలి. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి క్లిప్పునూ పాట జోడించి, ముక్కలు కోసి పంపుతాము. తేదీ ఉండదు, స్థలం ఉండదు, ఎవరు తీశారో ఉండదు. రెండు రోజులు కన్నీరు, మూడవ రోజు వేరొక క్లిప్పు. అటువంటి చిత్రం ఏ కోర్టులోనూ నిలువదు. అసలు చిత్రాన్ని మార్చకుండా భద్రపరచాలి. తేదీ, వేళ, చోటు, చూచినవారి పేర్లు అదే రోజు కాగితంపై వ్రాయాలి. బాధితుని ముఖాన్ని అతని కుటుంబం అంగీకరించకుండా లోకానికి చూపరాదు.

ప్రభుత్వ కెమెరాల విషయంలో ఆలస్యం పనికిరాదు. చిత్రానికి ఆయుష్షు తక్కువ. మన దేశంలో 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనులో సీసీ కెమెరాలు పెట్టి, వీలైతే 18 నెలలు, ఎంత తక్కువైనా ఒక సంవత్సరం దృశ్యాలను భద్రపరచమన్నది. కెమెరాలు పనిచేయడం లేదన్న వార్తలపై 2025లో అదే కోర్టు తానుగా విచారణ చేపట్టింది. అక్కడైనా ఇక్కడైనా సంఘటన జరిగిన వారంలోగా 'ఫలానా తేదీ, ఫలానా వేళ దృశ్యాలను చెరపవద్దు, నకలు ఇవ్వండి' అని వ్రాసి, రసీదు పుచ్చుకోవాలి. 'లేదు' అంటే 'లేదు' అనే వ్రాసి ఇమ్మనండి. సంతకంతో కూడిన 'లేదు' కూడా ఒక రికార్డే. రేపు ఆ టేపు బయటపడిన నాడు అది మాట్లాడుతుంది.

పవిత్ర ఖురాన్‌లో అతి దీర్ఘమైన ఆయతు, బఖరా సూరాలోని 282వది, లావాదేవీలను వ్రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి అని ఇక్కడి పెద్దలకు తెలుసు. వ్రాసేవానికి గానీ సాక్షికి గానీ నష్టం కలిగించరాదన్న ఆజ్ఞ కూడా ఆ ఆయతులోనే ఉన్నది. ఫోను ఎత్తి నిలబడినవాడు ఈనాటి సాక్షి. తపాలు బల్ల వద్ద కూర్చున్నవాడు వ్రాసేవాడు. సాక్షికి రక్షణగా మనం నిలబడాలి. వ్రాసేవాడు తన పని తాను చేసేటట్లు అడగాలి.

వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత ఇదే షాదీఖానాలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటాను. ఆగిపోయిన పింఛను, దొరకని పట్టా, జవాబు రాని ఫిర్యాదు, పిల్లల వలస ఫైలు ఏదైనా సరే, కాగితాలు తీసుకురండి. దరఖాస్తు నేను వ్రాసిపెడతాను. ఒకప్పుడు 'లభ్యము కాలేదు' అని వ్రాసిన చెయ్యి ఇది. దానికి ఇంకా కొంత పని మిగిలి ఉన్నది.

సెలవు. అస్సలాము అలైకుమ్.